ఖైదీ కంట్లో మిగిలిన బొమ్మ: విల్హెల్మ్ క్యూనె కథ

ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్ళెవరికీ ఎంజైమ్ అన్న మాట కొత్త కాదు. లాలాజలం పాఠం దగ్గర్నుంచి బట్టల సబ్బు పొడి ప్రకటన దాకా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్, కండరాల కదలికకు ఆధారమైన మయోసిన్ కూడా పరీక్షల కోసం కంఠస్థం చేసిన పేర్లే. ఈ మూడు పేర్లూ పెట్టింది ఒకే మనిషి, పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త విల్హెల్మ్ క్యూనె. పాఠ్యపుస్తకాలు ఆయన్ను ఈ మాటల దగ్గరే ఆపేస్తాయి.

ఆయన జీవితంలో ఇంకో అధ్యాయం ఉంది. చూసిన దృశ్యం కంట్లో ముద్ర పడుతుందా? పడితే ఆ ముద్రను కంట్లోంచి బయటికి తీసి, ఫొటోలా గట్టిపరచి, నలుగురికీ చూపించగలమా? ఈ ప్రశ్నను పుకార్ల లోకంలోంచి ప్రయోగశాల బల్ల మీదికి తెచ్చింది ఆయనే. మొదట కుందేలు కంట్లో, చివరికి ఒక మనిషి కంట్లో ఆయన దానికి జవాబు వెతికారు. ఆయనకు దొరికిన జవాబు ఒకటైతే, లోకం విన్నది మరొకటి.

క్యూనె 1837 మార్చి 28న హాంబర్గ్‌లో ఒక సంపన్న వర్తకుడి ఇంట పుట్టారు. ఆయనకు రెండేళ్ళ వయసులో, 1839లో, డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతి పారిస్‌లో లోకానికి వెల్లడైంది. అంటే ఆయనా ఫొటోగ్రఫీ దాదాపు ఒక ఈడు వాళ్ళు. పదిహేడో ఏట గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ రసాయన శాస్త్రం చెప్పింది ఫ్రెడరిక్ వోలర్. జీవుల శరీరంలో మాత్రమే తయారవుతుందనుకున్న యూరియాను 1828లో ప్రయోగశాలలో తయారు చేసి చూపించినవాడు. ఆ గురువు దగ్గర చదివినవాడికి శరీరాన్ని కూడా రసాయనాల భాషలో చదవాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. 1856లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే, కప్పల్లో కృత్రిమంగా కలిగించిన మధుమేహం మీద డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఆ తర్వాత బెర్లిన్, పారిస్, వియన్నా తిరిగారు. పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ దగ్గర పనిచేశారు. 1861లో బెర్లిన్‌లో విర్కో నడిపే రోగనిదాన సంస్థలో రసాయన విభాగం బాధ్యత ఆయనకు దక్కింది.

అక్కడ చేసిన కండరాల పనిని కాస్త ఆగి చూడాలి. ఆయన పనిచేసే తీరు అందులోనే తెలుస్తుంది. ప్రాణం పోయిన కండరం బిగుసుకుపోతుంది. బిగుసుకోకముందు అందులో ఏముందో చూడాలంటే మార్పు మొదలవకముందే దాన్ని పట్టుకోవాలి. క్యూనె కప్ప కండరాలను గడ్డకట్టించి, ఆ చలిలోనే నూరి, పిండి, రసం తీశారు. వెచ్చబడగానే ఆ రసం పేరుకుపోయింది. పేరుకున్న పదార్థానికి 1864లో పెట్టిన పేరే మయోసిన్. ఒక్క క్షణంలో మారిపోయే దాన్ని మారకముందే ఆపి చూడడం ఆయన చేతివాటం. కంటి దగ్గరికొచ్చేసరికి ఇదే చేతివాటం అక్కరకొచ్చింది.

1868లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1871లో హెల్మ్‌హోల్ట్జ్ భౌతికశాస్త్ర పీఠానికి బెర్లిన్ వెళ్ళిపోవడంతో హైడెల్‌బర్గ్‌లో ఆయన ఖాళీ చేసిన కుర్చీ క్యూనెకు వచ్చింది. చిన్న కుర్చీ కాదది. బతికున్న మనిషి కంటి వెనకగోడను చూడడానికి వీలిచ్చే ఆప్తాల్మోస్కోప్‌ను 1851లో కనిపెట్టింది ఆ హెల్మ్‌హోల్ట్జే. 1876 ప్రాంతంలో హైడెల్‌బర్గ్‌లోనే క్యూనె క్లోమరసంలోని ట్రిప్సిన్‌కు పేరు పెట్టి, బతికున్న ఈస్టు కణాలతో పనిలేకుండా పనిచేసే ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి ఎంజైమ్ అన్న మాట తయారు చేశారు. గ్రీకులో ఆ మాటకు పులిపిండిలో ఉన్నది అని అర్థం. ఈ పని ఒక్కటే ఒక మనిషి జీవితానికి చాలు. కానీ ఆ సంవత్సరం చివర్లో రోమ్ నుంచి వచ్చిన ఒక కబురు ఆయన బల్ల మీద ఉన్నవన్నీ పక్కకు నెట్టేసింది.

రోమ్‌లో ఫ్రాంజ్ బోల్ అనే ముప్పై ఏళ్ళు కూడా లేని జర్మన్ ప్రొఫెసర్ ఉండేవాడు. చీకట్లో ఉంచిన కప్ప కంట్లోంచి నేత్రపటలాన్ని బయటికి తీసినప్పుడు అది చక్కటి ఎరుపు రంగులో ఉండడం గమనించాడు. వెలుతురు తగులుతుంటే ఆ ఎరుపు చూస్తుండగానే వెలిసిపోయింది. కప్పను మళ్ళీ చీకట్లో ఉంచితే రంగు తిరిగొచ్చింది. కంటి వెనక ఎరుపు అంతకుముందు చూడనిది కాదు. ఆప్తాల్మోస్కోప్‌లో ఎవరి కన్ను చూసినా ఎర్రగానే ఉంటుంది, కానీ అది నెత్తురు ఎరుపు. దాని మాటున దాక్కున్న ఈ రెండో ఎరుపు వెలుతురుకు కరిగేదని, చీకట్లో మళ్ళీ పుట్టేదని బోల్ కనిపెట్టాడు. 1876 నవంబరులో బెర్లిన్ అకాడమీకి ఆ సంగతి తెలియజేశాడు.

1877 జనవరిలో క్యూనె ఈ పని అందుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఆయన చేసింది చూస్తే ఊపిరాడదు. సోడియం దీపపు పసుపు వెలుగులో ఆ రంగు వెలవదని గ్రహించి, పసుపు వెలుగు గదిలో పని మొదలుపెట్టారు. ఫొటోగ్రాఫర్ల డార్క్‌రూమ్ ఎలాగో ఇదీ అలాగే. పైత్యరస లవణాలతో ఆ రంగును నేత్రపటలంలోంచి కరిగించి గాజు గొట్టంలోకి దించారు. దానికి విజువల్ పర్పుల్ అని అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టారు. ఇప్పుడు మనం రోడాప్సిన్ అంటున్నది దాన్నే. నేత్రపటలాన్ని దాని వెనకుండే నల్లటి కణాల పొర నుంచి విడదీస్తే వెలిసిన రంగు తిరిగి రాదనీ, మళ్ళీ ఆ పొర మీద పరిస్తే వస్తుందనీ చూపించారు. అంటే వెలిసిన సరుకును మళ్ళీ రంగుదేల్చే పనిలో ఆ నల్లపొర చేయి ఉందన్నమాట.

బోల్‌కు ఇదంతా నచ్చలేదు. కనిపెట్టింది తను, పేరు పెట్టింది మరొకరు, పెద్ద ప్రయోగశాల అండతో ముందుకు దూసుకుపోతున్నదీ ఆ మరొకరే. ఇద్దరి మధ్యా ఎవరిది ఎంత అన్న వాదన నడిచింది. బోల్ క్షయతో 1879 డిసెంబరులో ముప్పయ్యో ఏట చనిపోయాడు. సైన్సు చరిత్రలో ఇలాంటివి తరచూ జరుగుతాయి గానీ, క్యూనె కథ చెప్పేటప్పుడు రోమ్‌లోని ఆ కుర్రవాడి పేరు దాటెయ్యడం అన్యాయం.

ఇక ఫొటో సంగతి. వెలుతురు పడ్డచోట రంగు వెలుస్తుంది, పడనిచోట నిలుస్తుంది. కటకం బయటి దృశ్యాన్ని తలకిందులుగా ఆ పొర మీదికి వేస్తుంది. అలాంటప్పుడు చూసిన దృశ్యం అక్కడ రంగులో రాసినట్టు ఉండాలి కదా! క్యూనె ఒక తెల్ల కుందేలును తీసుకున్నారు. తల కదలకుండా బిగించి, ఊచలున్న కిటికీ వైపు తిప్పారు. కొన్ని నిమిషాలు దాని తల మీద గుడ్డ కప్పి ఉంచారు, కంట్లో రంగు నిండుగా ఊరడానికి. తర్వాత గుడ్డ తీసి మూడు నిమిషాలు కిటికీని చూడనిచ్చారు. వెంటనే తల నరికి, కన్ను తీసి, నడిమికి కోసి, వెనక సగాన్ని పటిక ద్రావణంలో వేశారు. మర్నాడు చూస్తే నేత్రపటలం మీద కిటికీ ఉంది. పలకలు తెల్లగా, మధ్యలో ఊచలు ఎర్రటి గీతలుగా.

పటిక నీళ్ళు తేర్చడానికి మనం వాడే పటికే. ఆ పటికే ఒక ప్రాణి చూసిన ఆఖరి దృశ్యాన్ని గట్టిపరచింది. ఇలాంటి బొమ్మకు ఆప్టోగ్రామ్ అనీ, దాన్ని తీసే విద్యకు ఆప్టోగ్రఫీ అనీ పేర్లు వచ్చాయి. ఆ కుందేలు సంగతి చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఆ రోజుల్లో జంతువుల మీద ప్రయోగాలకు ఇప్పటి కట్టుబాట్లు లేవు. ప్రయోగం గొప్పదే, కుందేలుకు జరిగింది ఘోరమే. రెండూ నిజమే.

కుందేలు ఎందుకు? దాని కన్ను పెద్దది, బయటికి ఉబ్బి ఉంటుంది, చూపును మనలాగ అటూ ఇటూ పరుగెత్తించదు. తల బిగిస్తే మూడు నిమిషాలు ఒకే దృశ్యం ఒకేచోట పడుతుంది. మనిషిని అలా కట్టేసి, చూపించి, చంపి, కన్ను కోసే వీలు ఏ శాస్త్రవేత్తకూ లేదు. కానీ రాజ్యానికి ఉంది.

1880 నవంబరు 16న హైడెల్‌బర్గ్‌కు దగ్గర్లోని బ్రూఖ్‌జాల్ పట్టణంలో ముప్పై ఒక్కేళ్ళ మనిషికి గిలెటిన్ మీద మరణశిక్ష అమలు చేశారు. తన ఇద్దరు చిన్నపిల్లలను నీళ్ళలో ముంచి చంపాడన్నది నేరం. ఎరుపు, పసుపు గాజు పలకలు అమర్చిన మసక గదిలో క్యూనె ఎదురుచూస్తున్నారు. కత్తి పడిన పది నిమిషాలకల్లా ఎడమకంటి నేత్రపటలం ఆయన చేతిలో ఉంది. దాని మీద అంచులు తేరిన ఒక బొమ్మ ఉంది. పక్కనున్న తోటివాళ్ళకు చూపించారు. అది వెలిసిపోయేలోగా చేత్తో గీసుకున్నారు. మనిషి కంట్లోంచి తీసిన ఆప్టోగ్రామ్‌గా చరిత్రలో నమోదైన బొమ్మ దాదాపు అదొక్కటే.

ఏమిటా బొమ్మ? చిన్న ఆకారం. ఒకవైపు మెట్లుమెట్లుగా విరిగిన అంచు. గిలెటిన్ కత్తి అనుకుంటే కత్తిలా ఉంటుంది. ఉరికంబం మెట్లనుకుంటే మెట్లలా ఉంటుంది. పత్రికలవాళ్ళెవరైనా దగ్గరుంటే ఏదో ఒకటి అనేసుకుని మర్నాటి పేపరు నింపేవారు. క్యూనె అలా చెయ్యలేదు. ఆ మనిషి ఆఖరి గంటల్లో ఏమేం చూసి ఉంటాడో కూపీ లాగారు. సాక్షులను అడిగారు. ఆ చోట ఉన్న వస్తువులన్నిటినీ లెక్కవేశారు.

ఆ విచారణ వల్లనే ఒక మనిషి చివరి రాత్రి సైన్సు కాగితాల్లో మిగిలిపోయింది. అతను రాత్రంతా కొవ్వొత్తి వెలుగులో మేలుకున్నాడు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదు దాకా ఒక గంట కునుకు తీశాడు. చదువుకున్నాడు, ఏదో రాసుకున్నాడు, మొదట కొవ్వొత్తి దగ్గర, తర్వాత ఎనిమిదింటి దాకా మసక పగటి వెలుగులో. బయటికి తీసుకొచ్చినప్పుడు ఒక్క క్షణం ఎండ వచ్చింది. కళ్ళకు గంతలు కట్టేలోపు ఏడు నిమిషాల పాటు ఆకాశం కాస్త తేటపడింది. కానీ అతను తలెత్తి చూసింది చాలా తక్కువ. గంతలు కట్టిన వెంటనే కత్తి పడింది. కళ్ళు మూసి ఉన్న మనిషి కంట్లో కత్తి బొమ్మ ఎలా పడుతుంది?

ఎంత వెతికినా ఆ ఆకారానికి సరిపోయే వస్తువు క్యూనెకు దొరకలేదు. దొరకలేదనే అచ్చువేశారు. బొమ్మను దాచలేదు, దానికి కథ అల్లలేదు. నాకు ఆయన జీవితం మొత్తంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే అనిపిస్తుంది. ఎంజైమ్ అన్న పేరు ఇంకెవరైనా పెట్టి ఉండేవారు. లోకమంతా ఒక జవాబు కోసం నోరు తెరుచుకుని చూస్తున్నప్పుడు, చేతిలో బొమ్మ పెట్టుకుని, ఇదేమిటో నాకు తెలియలేదని రాయడం అందరి వల్లా అయ్యే పని కాదు.

ఎందుకంటే లోకం నిజంగానే ఎదురుచూస్తోంది, అదీ క్యూనె కంటే ముందునుంచే. 1863లో విలియం వార్నర్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్, లండన్‌లో హత్యకు గురైన ఒక యువతి కళ్ళను ఫొటో తీయమని పోలీసులకు ఉత్తరం రాశాడు. చంపిన కాసేపటికే ఒక దూడ కన్ను ఫొటో తీస్తే అందులో కబేళా నేల మీది గీతలు కనిపించాయని అతని వాదన. విజువల్ పర్పుల్ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అంటే నమ్మకం ముందు పుట్టింది, సైన్సు పదమూడేళ్ళ తర్వాత వచ్చింది. వచ్చిన సైన్సు నమ్మకాన్ని పరీక్షించింది గానీ, జనం అది రుజువు చేసిందనుకున్నారు. 1877లో బెర్లిన్ పోలీసులు హత్యకు గురైన ఒక మహిళ కళ్ళను ఫొటో తీయించారు. 1888లో లండన్‌లో జాక్ ది రిప్పర్ హత్యల విచారణలోనూ ఈ ప్రస్తావన వచ్చింది, పోలీసు వైద్యుడు ఉపయోగం లేదని కొట్టిపారేశాడు. 1927లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒక కానిస్టేబుల్‌ను చంపినవాళ్ళు రెండు కళ్ళలోనూ తుపాకీ పేల్చారు. తమ బొమ్మ ఆ కళ్ళలో మిగిలిపోతుందన్న భయంతోనే అలా చేశారని అప్పట్లో చెప్పుకున్నారు. చివరికి వాళ్ళను పట్టించింది కళ్ళు కాదు, తూటా గుర్తులు.

మన వైపు ఇది కొత్త నమ్మకమూ కాదు. పామును చంపితే తల చితగ్గొట్టాలని, లేకపోతే దాని కళ్ళలో చంపినవాడి రూపం నిలిచిపోతుందని, జంట పాము వచ్చి ఆ రూపం చూసుకుని పగ తీర్చుకుంటుందని ఊళ్ళలో చెప్పుకునేవారు. 1976లో వచ్చిన హిందీ సినిమా నాగిన్ కథంతా దీని మీదే నడుస్తుంది. హైడెల్‌బర్గ్ పేరు వినని వాళ్ళు కూడా కన్నంటే కెమెరా అనుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ ఇండియా కథల్లోకీ ఇది చేరింది. రడ్‌యార్డ్ కిప్లింగ్ 1890లో రాసిన ఎట్ ది ఎండ్ ఆఫ్ ది ప్యాసేజ్ కథలో, మన ఎండల్లో నిద్రకు మొహం వాచి చనిపోయిన ఒక తెల్ల ఇంజనీరు కళ్ళను అతని స్నేహితుడైన డాక్టరు ఫొటో తీస్తాడు. తర్వాత ఆ ఫిల్మును నాశనం చేసి, అందులో ఏమీ లేదంటాడు.

ఇంతకీ హంతకుడి ముఖం కంట్లో ఎందుకు దొరకదు? మొదటి కారణం క్యూనె స్వయంగా గట్టిగా చెప్పిందే. నేత్రపటలాన్ని ఆయన ఫొటో పలకతో పోల్చి వదిలెయ్యలేదు. అదొక మొత్తం ఫొటో స్టూడియో అన్నారు. అక్కడ పనివాడు ఒక చేత్తో పాత బొమ్మను చెరిపేస్తూ, రెండో చేత్తో పలక మీద కొత్త మందు పూస్తూనే ఉంటాడు. మనిషి కంట్లో వెలిసిన రంగులో సగం తిరిగి రావడానికి సుమారు ఐదు నిమిషాలు, పూర్తిగా రావడానికి అరగంట పైన పడుతుంది. బొమ్మ నిలిచే కన్ను ఆ తర్వాత ఇంకేమీ చూడలేదు. చూడగలిగే కన్ను బొమ్మను నిలుపుకోలేదు.

రెండో కారణం ఇంకా చిత్రమైనది. విజువల్ పర్పుల్ ఉండేది దండకణాల్లో. మన నేత్రపటలంలో అవి సుమారు 12 కోట్లు. మసక వెలుగులో చూపు వాటి పని. మనం దేన్నైనా సూటిగా చూసినప్పుడు ఆ బొమ్మ పడేది పచ్చచుక్క నడిమధ్యన ఉండే చిన్న గుంటలో. అక్కడ దండకణాలు లేవు. ఉన్నవి రంగులనూ వివరాలనూ పట్టే శంకుకణాలు, వాటిలో ఈ ఎరుపు లేదు. అంటే చనిపోయే మనిషి చంపేవాడి ముఖంలోకి సూటిగా చూసి ఉంటే, ఆ ముఖం పడ్డచోటే విజువల్ పర్పుల్ ఉండదు. మిగిలితే గిగిలితే పక్కనున్న తలుపో, పైనున్న దీపమో మిగలాలి. చూపు సెకనుకు రెండు మూడుసార్లు దుముకుతుంటుంది గనక అదీ ఒకదాని మీద ఒకటి అలుక్కుపోతుంది. కుందేలుకు అలాంటి గుంట లేదు, చూపు అంతగా కదలదు. కిటికీ నిలిచింది అందుకే.

మూడోది, చూడడం కంట్లో పూర్తి కాదు. 12 కోట్ల పైచిలుకు కణాల కబురును మెదడుకు మోసేది పది పన్నెండు లక్షల నాడీ తంతువులే. దారిలోనే ఎంతో ఏరివేత జరుగుతుంది. మిగతాది మెదడు కట్టుకుంటుంది. కన్ను కోసి చూస్తే దొరికేది మనిషి చూసింది కాదు, అతని కంటి మీద పడిన వెలుతురు మాత్రమే.

క్యూనె ఆ తర్వాత మళ్ళీ తన మాంసకృత్తుల వైపు తిరిగారు. అమెరికాలోని యేల్ నుంచి వచ్చి 1878లో ఆయన దగ్గర చేరిన రసెల్ చిట్టెండెన్‌తో కలిసి జీర్ణక్రియ మీద చాలా ఏళ్ళు పనిచేశారు. చిట్టెండెన్ తిరిగి వెళ్ళిపోయాక కూడా ఆ జోడీ సముద్రానికి ఇటూ అటూ నుంచి కొనసాగింది. 1899లో పదవి వదిలి, 1900 జూన్ 10న హైడెల్‌బర్గ్‌లోనే కన్నుమూశారు.

ఆయన మొదలుపెట్టిన దారి ఎక్కడికి చేరిందో చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది. 1933లో అమెరికా యువ శాస్త్రవేత్త జార్జ్ వాల్డ్ యూరప్‌లో పనిచేస్తూ నేత్రపటలంలో విటమిన్ ఎ ఉందని కనుక్కున్నాడు. వెలుతురుకు విజువల్ పర్పుల్ విరిగినప్పుడు అందులోంచి విడివడే ముక్కను హైడెల్‌బర్గ్‌లోనే, కప్పల కళ్ళలో పట్టుకున్నాడు. ఆ ముక్క విటమిన్ ఎ చుట్టం. తిండిలో విటమిన్ ఎ లేకపోతే ఆ ఎరుపు తిరిగి ఊరదు, పొద్దుగూకితే చూపు ఆనదు. మనం రేచీకటి అనేది దాన్నే. వాల్డ్‌కు 1967లో నోబెల్ వచ్చింది. కుందేలు కంట్లోని కిటికీని ఇరవయ్యో శతాబ్దపు పాఠకులకు మళ్ళీ గుర్తుచేసిందీ ఆయనే.

ఇక్కడి నుంచి ఆ దారి తెలుగు నేల మీదికి వస్తుంది. రేచీకటితో మొదలై నల్లగుడ్డు కరిగి చూపు పోయే పిల్లలు ఒకప్పుడు మన దేశంలో లెక్కకు మించి ఉండేవారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ క్షేత్ర పరిశోధనల ఆధారంగా 1970లో కేంద్రం ఒక పథకం మొదలుపెట్టింది. ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రావణం నోట్లో పోయడం. అంగన్‌వాడీ దగ్గర చెంచాతో పోసే ఆ పసుపు మందు తాగినవాళ్ళు ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. హంతకుడి ఫొటో ఇవ్వలేకపోయిన ఆ ఎరుపు పదార్థమే, పిల్లలకు సాయంత్రం పూట చూపు ఎందుకు ఆగిపోతుందో చెప్పింది.

ఫొటో ఆశ మాత్రం చావలేదు. 1975లో హైడెల్‌బర్గ్‌లోనే కంటి నిపుణుడు ఎవాంగెలోస్ అలెగ్జాండ్రిడిస్ కుందేళ్ళతో మళ్ళీ ప్రయత్నించాడు. చదరంగం గళ్ళు, 75 అన్న అంకె, సాల్వడార్ డాలి బొమ్మ వాటి కళ్ళలో నిలిచాయి. నలుపు తెలుపుల తేడా బాగా ఉండి, వెలుతురు బలంగా ఉండి, తల కట్టేసి ఉంటేనే నిలిచాయి. నేర పరిశోధనకు అది పనికిరాదని మళ్ళీ తేలింది. తర్వాత వెతుకులాట కన్ను వదిలి మెదడులోకి వెళ్ళింది. 1999లో బర్కిలీలో పిల్లి మెదడులోని 177 కణాల సంకేతాల నుంచి అది చూస్తున్న దృశ్యాలను మసగ్గా మళ్ళీ కట్టారు. 2011లో అదే విశ్వవిద్యాలయంలో, ఎంఆర్ఐ యంత్రంలో పడుకుని వీడియోలు చూసిన మనుషుల మెదడు కదలికల నుంచి ఆ వీడియోల లీలామాత్రపు రూపాలు రాబట్టారు. ఇవి నిజమైన పనులే. కానీ ఆ మనిషి ఇష్టపడి గంటలకొద్దీ కదలకుండా పడుకోవాలి, అతని మెదడు తీరును యంత్రం ముందుగా నేర్చుకోవాలి. అప్పుడు వచ్చేది కూడా ఫొటో కాదు, లెక్కగట్టిన ఊహ.

ఇలాంటి ఊహను ఎవరు ఎలా వాడతారన్నది మన దేశంలో ఉత్త కబుర్ల వ్యవహారం కాదు. నిందితుడి తలకు తీగలు తగిలించి, నేరం జ్ఞాపకం అందులో ఉందో లేదో చెబుతామనే పరీక్షలు ఇక్కడ పోలీసు దర్యాప్తుల్లో వాడారు. 2008లో పుణెలో ఒక హత్య కేసులో అలాంటి పరీక్షను కోర్టు సాక్ష్యంగా పరిగణించి శిక్ష వేసింది, ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. నార్కో పరీక్ష గానీ, లై డిటెక్టర్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని, అలా చేస్తే తన మీద తానే సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదన్న రాజ్యాంగ హక్కుకు భంగమని తేల్చింది. అయినా సంచలన హత్య జరిగిన ప్రతిసారీ నార్కో చేయించాలన్న కేక టీవీ చర్చల్లో వినిపిస్తూనే ఉంటుంది. తీగలు తగిలించి గీతలు చదివేవాడు, ఈ గీత ఏమిటో నాకు తెలియలేదని కోర్టుకు రాసి ఇచ్చే సందర్భాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

బ్రూఖ్‌జాల్ ఖైదీ నేత్రపటలం ఆ రోజే వెలిసిపోయింది. క్యూనె గీసిన బొమ్మ మిగిలింది. అరచేతిలో పట్టేంత, ఒకవైపు మెట్లుగా విరిగిన ఆకారం. నూట నలభై ఏళ్ళు దాటాయి. అది ఆకాశం ముక్కో, కొవ్వొత్తో, అతను తెల్లవారుజామున రాసుకున్న కాగితమో ఎవరూ చెప్పలేకపోయారు.